నాలుగో బోల్టు

కారు బ్రేకులు ఇంట్లోనే, సొంత చేతులతో బాగుచేసుకోవాలనే బుద్ధి మనిషికి ఎప్పుడు, ఎందుకు పుడుతుందో చెప్పడం కష్టం. లిఫ్టాయనకి మాత్రం శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి, వీధి మలుపులో మెకానిక్ షెడ్డు ముందు, భార్య పక్కన నిలబడి ఉండగా పుట్టింది. భార్య పక్కన లేకపోతే పుట్టేది కాదని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

లిఫ్టాయన అంటే లిఫ్టులో స్టూలేసుకుని కూర్చుని మీటలు నొక్కే మనిషి అనుకునేరు. కాదు. ఊళ్లో ఉన్న మేడలన్నీ తిరిగి, లిఫ్టులు భద్రంగా ఉన్నాయో లేదో చూసి, కాగితం మీద సంతకం పెట్టే ఉద్యోగి. ఒక్కో లిఫ్టుకి యాభై ఏడు వరసల జాబితా ఉంటుంది. ఒక్కో వరసా చూసుకుంటూ టిక్కు పెట్టుకుంటూ పోవాలి, అన్నీ సరిపోతేనే చివర సంతకం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఓ మేడలో లిఫ్టు ఆపేయించినప్పుడు, పదకొండో అంతస్తులో ఉండే పెద్దమనిషి ఒకాయన వచ్చి నేను ఇంటికెలా పోవాలయ్యా అని లబోదిబోమంటే, "మెట్లు నా తనిఖీ కిందికి రావండీ, నిశ్చింతగా వాడుకోండి" అన్నాడట. అంత నిక్కచ్చి మనిషి.

ఆయన భార్య పెద్దాస్పత్రిలో నర్సు. నాలుగో అంతస్తులో ఆపరేషన్ థియేటరు ఆవిడ చేతుల మీద నడుస్తుంది. వీధి వీధంతా ఆవిడని సిస్టరమ్మ అనే పిలుస్తుంది. కత్తెరలెన్ని, సూదులెన్ని, దూదిగుడ్డలెన్ని అని కోసే ముందొకసారి, కుట్టే ముందొకసారి, కుట్టాక మరోసారి లెక్కపెట్టడం ఆవిడ పని. లెక్క తేలేదాకా ఎంత కొమ్ములు తిరిగిన డాక్టరైనా చేతులు పైకెత్తుకుని గోడలు చూస్తూ నిలబడాల్సిందే.

ఆ ఆస్పత్రి లిఫ్టులో, అద్దాల చట్రంలో ఓ కాగితం ఉంటుంది. దాని కింద లిఫ్టాయన సంతకం. "రోజూ దాన్నొకసారి చూసి ఎక్కుతాను" అని ఆవిడ ఎప్పుడో ఏదో మాటల్లో అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోటి వెంట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. అందుకని ఆయన దాన్ని మనసులో భద్రంగా దాచుకున్నాడు.

ఇక శుక్రవారం సంగతి. వారం రోజులుగా కారు ముందు చక్రాల దగ్గర కీచుమని ఒకటే మోత. దుమ్మని ఆయన, దుమ్ము కాదని ఆవిడ. చివరికి మెకానిక్ వంగి చక్రంలోకి ఒక్క చూపు చూశాడు.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి సార్. ఇంకో నాలుగు రోజులు తిప్పితే ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. సోమవారం తీసుకురండి."

"రేపు మూడింటికి మా అమ్మాయికి డ్రైవింగ్ టెస్టు ఉందయ్యా."

"రేపు నాకు ఊపిరి పీల్చుకునే ఖాళీ కూడా లేదు సార్."

"అయితే ప్యాడ్లివ్వు. నేనే వేసుకుంటా."

మెకానిక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. చేతులు చూశాడు. గోళ్లు చూశాడు. తర్వాత సిస్టరమ్మ వైపు తిరిగి, "అమ్మా, మీరైనా చెప్పండి సార్‌కి" అన్నాడు.

ఆ మాట లిఫ్టాయన గుండెల్లో గుచ్చుకుంది. ఇరవై అంతస్తుల మేడల్లో తాళ్ల మీద వేలాడే ఇనప గదులకి భరోసా ఇచ్చేవాడికి, ఓ చిన్న కారు చక్రం దగ్గర భార్య చేత చెప్పించుకోవాల్సిన ఖర్మ పట్టిందా అనుకున్నాడు. ప్యాడ్ల పెట్టె చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేశాడు.

అమ్మాయి టెస్టు అంటే ఆషామాషీ కాదు. ఇది రెండోసారి. మొదటిసారి ఆపమన్నచోట కాకుండా మూడు కార్ల పొడవు అవతల ఆపి, పరీక్షాధికారికి క్షమాపణ చెప్పింది. ఆయన క్షమించాడు గానీ లైసెన్సు ఇవ్వలేదు. ఇప్పుడు ఆస్పత్రి మందుల వ్యాను నడిపే ఉద్యోగం చేతికి అందొచ్చింది. సోమవారం లైసెన్సు చూపిస్తే ఉద్యోగం, లేకపోతే ఇంకొకరికి. టెస్టుకి అమ్మాయి నడుపుతుంటే పక్కసీట్లో వాళ్లమ్మ కూర్చుని వెళ్లాలి. అంటే లిఫ్టాయనకి ఉన్న ఇద్దరూ ఆ కారులోనే ఉంటారన్నమాట.

శనివారం పొద్దున్నే సిస్టరమ్మ నెమ్మదిగా కదిపింది.

"డ్రైవింగ్ స్కూలు మాస్టారు వాళ్ల కారు తెస్తానంటున్నారు. మనకెందుకండీ ఈ తంటా?"

"అలవాటు లేని కారులో టెస్టేమిటి? మన కారు ఉండగా ఊరి కారెందుకు?"

"సరే. ఒక్కమాట చెప్తాను, వింటారా?"

"ఒక్కటేనా?"

"ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి. విప్పిన ప్రతిదీ లెక్కపెట్టుకోండి."

"ఇవి రెండు మాటలు."

"మొదటిది మీరు వినరని తెలిసే రెండోది చెప్పాను."

ఆయన ఆ మాటని విననట్టే ఉండి, రాత్రి కూర్చుని తయారుచేసిన జాబితా తీశాడు. నలభై రెండు వరసలు. ఒకటి, కారు సమతలమున నిలుపబడినది. రెండు, వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టబడినవి. ఇలా నలభై రెండో వరస దాకా పోయి, కింద పేరూ హోదా రాసి, సంతకానికి గీత గీసి ఉంచాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని వాకిట్లోకి దిగాడు.

వరండాలో పడకకుర్చీ వేసుకుని అత్తగారు అప్పటికే సిద్ధంగా ఉంది. సిస్టరమ్మ తల్లి. ఆవిడ భర్త ముప్పయ్యేళ్లు బస్సు నడిపి పోయాడు. ఆయన పోయాక ఆ బస్సు తాలూకు జ్ఞానమంతా ఈవిడకి సంక్రమించింది.

"అల్లుడుగారూ, జాకీ తర్వాత. ముందు నట్లు వదులు చేసుకోండి."

"తెలుసు అత్తయ్యా" అన్నాడాయన, జాకీ ఎత్తుతూనే.

కారు లేచింది. నట్టుకి స్పానర్ తగిలించి తిప్పాడు. నట్టుతో పాటు చక్రం తిరిగింది. ఇంకా గట్టిగా తిప్పాడు. చక్రం ఇంకా బాగా తిరిగింది. అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆయన కారుని దించి, నట్లు వదులు చేసి, మళ్లీ లేపి, జాబితాలో మూడో వరసనీ నాలుగో వరసనీ బాణం గుర్తుతో తారుమారు చేసుకున్నాడు.

మామూలు బుద్ధి ఉన్నవాడైతే ఎడమ చక్రం దగ్గర ఆగేవాడు. కానీ ఒక పక్క, ఒక పక్క అని చెప్పింది భార్య. అందుకని ఆయన రెండు చక్రాలూ తీసేశాడు. ప్యాడ్లని అటూ ఇటూ పట్టుకుని ఉండే ఇనప భాగం ఒకటుంటుంది. మెకానిక్కులు కాలిపర్ అంటారు, ఆయన జాబితాలో దవడ అని రాసుకున్నాడు. ఒక్కో దవడకి రెండు బోల్టులు. నాలుగు బోల్టులూ విప్పి, రెండు దవడలూ తీగలతో వేలాడదీశాడు. వాకిట్లో పాత దుప్పటి పరిచి సామానంతా దాని మీద వరసగా పేర్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

పదింబావుకి సిస్టరమ్మ టీ తెచ్చింది. వంట మధ్యలో వచ్చిందేమో ఏప్రన్ తియ్యలేదు. టీ కప్పు మెట్టు మీద పెట్టి, దుప్పటి ముందు నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. ఆవిడకది అలవాటు, ఎక్కడ ఇనుము వరసగా కనిపించినా లెక్కపెడుతుంది. ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత నీళ్లు పోయే కాలవ దగ్గరికి వెళ్లి వంగి, ఏదో తీసి, ఏప్రన్ అంచుకి తుడిచింది.

"ఏమండీ, ఇదిగో ఇది..."

"ముట్టుకోకు!" అని కసిరాడాయన చక్రం సందులోంచి. "అక్కడ దేన్నీ ముట్టుకోకు. ఏది ఎక్కడుందో అంతా నా తలలో ఉంది."

"అది కాదండీ, ఇది..."

"మీ థియేటర్లో డాక్టరు కత్తి పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే మధ్యలో మాట్లాడతావా?"

"మాట్లాడతాను. నన్ను పెట్టుకున్నదే అందుకు."

"ఇక్కడ ఎవరూ పెట్టుకోలేదు. నువ్వు లోపలికి వెళ్లు."

సిస్టరమ్మ చెయ్యి ఏప్రన్ జేబులోకి పోయింది. వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చింది. ఆయన అది చూశాడు గానీ, టీలో చక్కెర తక్కువైందన్న దిగుల్లో ఉండి పట్టించుకోలేదు.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి. అవి పట్టాలంటే దవడలో ముందుకి పొడుచుకొచ్చిన ఇనప గుండుని లోపలికి నొక్కాలి. ఆయన వడ్రంగి బిగింపు ఒకటి సంపాదించి, ఎడమ పక్క గుండుని ఇంచీ ఇంచీ లోపలికి తోశాడు. జాబితాలో టిక్కు పెట్టి కుడి పక్కకి వెళ్లాడు. అక్కడి గుండు ఇందాకటి కంటే ముందుకి వచ్చి ఉంది. దాన్ని లోపలికి తోసి ఎడమ పక్కకి వచ్చాడు. ఈ గుండు బయటికి వచ్చేసింది.

రెండింటికీ లోపల నూనె ఒకటే గొట్టాల్లో తిరుగుతుంది. ఒకదాన్ని నొక్కితే ఇంకోటి పొంగుతుంది. ఒక పక్క బిగించి ఉంటే ఈ తకరారు లేదు. ఆ సంగతి తెలియక లిఫ్టాయన కారు చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేశాడు. అత్తగారి తల అటూ ఇటూ తిరిగింది. ఏడో చుట్టులో అమ్మాయి బయటికొచ్చి, చూసి, ఏమీ అడక్కుండా కుడి పక్క గుండు మీద రెండు అరచేతులూ అదిమి పట్టింది.

"నాన్నా, ఒక పక్క తర్వాత ఇంకో పక్క చేస్తే సరిపోయేది కదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"చూస్తే తెలుస్తోందిగా నాన్నా."

ఆయన వంగి ఎడమ పక్క గుండుని నొక్కాడు.

పన్నెండున్నరకి ఎడమ పక్క పూర్తయింది, రెండు బోల్టులతో సహా. కుడి పక్క కొత్త ప్యాడ్లు కూర్చున్నాయి, దవడ కూర్చుంది, పై బోల్టు బిగిసింది. కింది బోల్టు కోసం వెనక్కి చూడకుండా దుప్పటి మీద చెయ్యి చాచాడు. చేతికి దుప్పటే తగిలింది.

లేచి చూశాడు. దుప్పటి ఎత్తి దులిపాడు. కారు కింద దూరాడు. కాలవలో చెయ్యి పెట్టి కెలికాడు. జేబులు తిరగేశాడు. ప్యాడ్లు వచ్చిన పెట్టె చింపి చూశాడు. టీ కప్పులో కూడా చూశాడు. తన తలలో ఏది ఎక్కడుందో అంతా ఉందన్నాడు కదా, అక్కడా వెతికాడు. నాలుగో బోల్టు ఎక్కడా లేదు.

మెట్టు మీద కూలబడ్డాడు. మెకానిక్ షెడ్డు ఎంత, నాలుగడుగుల దూరం. వెళ్లి ఓ బోల్టు ఇవ్వవయ్యా అంటే ఇస్తాడు. ఇస్తూ ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆయనకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. పోనీ, ఇంట్లో అడుగుదామనిపించింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు.

సిస్టరమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. "ఏమైనా కావాలా?"

బోల్టు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. "మంచినీళ్లు" అన్నాడు.

ఇచ్చింది. తాగి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాలకి మళ్లీ వచ్చాడు.

"ఏమైనా కావాలా?"

"మంచినీళ్లు."

మూడోసారి వచ్చేసరికి ఆవిడ గ్లాసు నింపి పట్టుకుని ఉంది. "మంచినీళ్లు కాక ఇంకేమైనా కావాలా?" అని, ఒక్కో మాటా ఒత్తి అడిగింది. ఆయన ముఖంలోకే చూస్తోంది. కళ్లలో కోపం లేదు, వెటకారం లేదు. అడగండి, అడగండి అన్నట్టున్నాయి ఆ కళ్లు.

"ఇంకేం కావాలి? అంతా అయిపోవచ్చింది" అన్నాడాయన. మూడో గ్లాసు నీళ్లు గొంతు దిగడం కష్టమైంది.

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అత్తగారు భోజనానికి లేచి వెళ్లింది. పడకకుర్చీ ఖాళీగా ఉంది. దాని రెండు కాళ్లూ కలిసేచోట నున్నటి బోల్టు ఒకటి మెరుస్తోంది.

అది కొద్దిగా సన్నం. కుళాయిలకి చుట్టే తెల్ల టేపు మూడు చుట్లు చుట్టాడు. దవడ కింద దూర్చి తిప్పితే తిరిగింది, తిరిగి కూర్చుంది. చేత్తో లాగి చూస్తే కదల్లేదు. బయటికి చూడ్డానికి నాలుగు బోల్టులూ నాలుగు బోల్టుల్లాగే ఉన్నాయి. కుర్చీ కన్నం బోసిగా ఉంటే అనుమానం వస్తుందని, చెవి మీద ఉన్న పెన్సిలు తీసి అందులో దూర్చాడు. సరిగ్గా పట్టింది. చక్రాలు ఎక్కించి, కారు దించి, బ్రేకు తొక్కి చూశాడు. గట్టిగానే ఉంది.

పెన్సిలు కుర్చీలో ఉంది కాబట్టి పెన్ను తీసుకున్నాడు. జాబితాలో ముప్పయ్యొకటో వరస: దవడ బోల్టులు నాలుగును బిగింపబడినవి. ఆ వరస దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఇరవై రెండేళ్లలో చూడని దానికి టిక్కు పెట్టి ఎరగడు, లేనిదానికి అసలే ఎరగడు. పైకి ఎవరికీ చెప్పడు గానీ, ఆ జాబితాల మీద ఆయనకి దేవుడి మీద ఉన్నంత భయం. ఆ భయంతోనే టిక్కు పెట్టాడు. మిగతా నలభై ఒక్క టిక్కుల కంటే అదే అందంగా వచ్చింది. కింద సంతకం పెట్టి, తీసుకెళ్లి భార్య చేతిలో పెట్టాడు.

సిస్టరమ్మ నిలబడి మొత్తం చదివింది. ముప్పయ్యొకటో వరస దగ్గర వేలు ఆగింది.

"లెక్క సరిపోయిందా?"

"సంతకం పెట్టాను కదా."

"సంతకం కనిపిస్తోంది. లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆవిడ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ముఖం తిప్పుకుని, అమ్మాయిని తయారవమని కేకేసింది. ఆ గొంతు కొంచెం వణికింది. ఆయన ఉల్లిపాయలు తరుగుతోంది కాబోలు అనుకున్నాడు. ఆవిడ చేతిలో ఉల్లిపాయలు లేవు.

రెండుంబావుకి అమ్మాయి ఇస్త్రీ బట్టలు వేసుకుని, కాగితాల సంచీ పట్టుకుని బయటికొచ్చింది. భయం వల్ల కళ్లు పెద్దవయ్యాయి. చక్రాల దగ్గర ఆగి, "నాన్నా, ఈసారి ఆపమన్నచోట ఆగుతుంది కదా?" అని అడిగింది.

"నేను సంతకం పెట్టానమ్మా."

"అయితే చాలు" అంది. ఆ పిల్ల ముఖంలో భయమంతా ఒక్కసారిగా పోయింది. లిఫ్టాయన ఆ ముఖం చూడలేక చెప్పుల వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు భోంచేసి వరండాలోకి వచ్చింది. మనవరాలు సాగిపోతుంటే చూద్దామని, అలవాటు ప్రకారం పడకకుర్చీలో నడుం వాల్చింది. టప్‌మని ఓ చిన్న శబ్దం. కుర్చీ రెండు చేతులూ పక్కలకి చాపి, ఆవిడని మెల్లగా, మర్యాదగా నేల మీద పడుకోబెట్టింది.

అందరూ పరిగెత్తారు. సిస్టరమ్మ తల్లి నడుమూ మణికట్లూ తడిమి చూసింది. ఏమీ కాలేదు. పడ్డావిడే అందరికంటే స్థిమితంగా ఉంది. గుడ్డ మడతల్లోంచి ఏదో తీసి, ఎత్తి చూపించింది.

"నాకేం కాలేదు గానీ, ఈ పెన్సిలు ముక్క ఎవరిది?"

లిఫ్టాయన ఆ ముక్క వైపు చూశాడు. పొద్దుటి నుంచి తన చెవి మీద ఉన్నదే. కూర్చునేదాకా గట్టిగానే ఉంది. లాగి చూసినప్పుడు కదల్లేదు. బయటికి చూడ్డానికి బోల్టులాగే ఉంది.

వెనకాల కారు తలుపు చప్పుడైంది. అమ్మమ్మకి ఏమీ కాలేదని తేలాక, టైమైపోతోందని అమ్మాయి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని సీటు బెల్టు లాక్కుంటోంది.

"దిగు!" అని ఒక్క అరుపు అరిచాడాయన. లిఫ్టాయన అరుపు ఆ వీధి అదే మొదటిసారి వినడం. ఒక్క అంగలో వెళ్లి కారు ముందు నిలబడి, రెండు చేతులూ బానెట్ మీద పెట్టాడు, అక్కడికేదో కారుని చేత్తో ఆపేవాడిలాగ. "దిగమ్మా. ఈ కారెక్కొద్దు. ఒక బోల్టు లేదు. పోయింది. దాని బదులు కుర్చీ బోల్టు పెట్టాను. టేపు చుట్టాను. ముప్పయ్యొకటో వరస అబద్ధం."

ఆయన బానెట్ మీద నుంచి చేతులు తియ్యలేదు.

సిస్టరమ్మ దగ్గరికొచ్చింది. ఏప్రన్ కుడి జేబులోంచి చెయ్యి బయటికి తీసి, గుప్పిట విప్పింది. అరచేతిలో నాలుగో బోల్టు ఉంది, మట్టి తుడిచి, తళతళలాడుతూ.

"నీ దగ్గరుందా?" అన్నాడాయన. "ఎప్పటినుంచి?"

"పదింబావు నుంచి. కాలవ గట్టు మీదికి దొర్లిపోయింది. ఇవ్వబోతే ముట్టుకోవద్దన్నారు."

"మరి తర్వాత చెప్పొచ్చుగా!"

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మంచినీళ్లన్నారు."

"అమ్మా, తాళం ఏది?" అంది అమ్మాయి కారులోంచి. "గోడ మేకుకి లేదు."

సిస్టరమ్మ ఎడమ జేబులోంచి కారు తాళం తీసి చూపించింది. "లెక్క తేలనిదే కారు కదలనివ్వను కదే. పొద్దున్న పదింబావు నుంచీ ఇదీ నా దగ్గరే ఉంది."

లిఫ్టాయన బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఇంతకీ తాడు తన చేతిలో ఉంచుకుని, ఆయన సొంతంగానే కారు చుట్టూ తిరుగుతున్నట్టు ఆవిడ అనుకోనిచ్చిందన్నమాట.

"నేను చెప్పకపోయి ఉంటే?" అని మెల్లగా అడిగాడు.

"కారుకేం, తాళం నా దగ్గరుంది" అంది ఆవిడ. ఈసారి గొంతులో వణుకు దాచుకోలేదు. "సోమవారం పొద్దున్న ఆస్పత్రిలో లిఫ్టు ముందు నిలబడి ఏం చెయ్యాలా అని, ఇందాక మీరు జాబితా ఇచ్చినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను. అక్కడి కాగితం మీద మీ సంతకం చూసి ఎక్కుతున్నానండీ ఇన్నేళ్లుగా. నేనే కాదు, స్ట్రెచర్ల మీద ఎక్కుతున్నవాళ్లూ అంతే. ఇక మెట్లెక్కాలేమో అనుకున్నాను."

ఆయన కళ్లు తుడుచుకోబోతే చేతికున్న గ్రీజు ముఖానికి అంటింది.

గేటు దగ్గర హారన్ మోగింది. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. పొద్దున్నే ఫోను చేసి, రెండున్నరకి కారు తెచ్చి, ఈసారికి పక్కసీట్లో మీరే కూర్చుని తీసుకెళ్లండని సిస్టరమ్మ చెప్పి ఉంచింది. అమ్మాయి దిగొచ్చి, తండ్రి చెంప మీద గ్రీజు లేని చోటు వెతికి ముద్దుపెట్టి, పరిగెత్తింది.

తర్వాత రెండున్నర గంటలూ వాకిట్లో పని జరిగింది. ఈసారి ఒక పక్క బిగించాకే రెండో పక్క విప్పారు. సిస్టరమ్మ వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి పట్టుకుంది. ఆయన విప్పిన ప్రతిదీ అందులో పెట్టాడు, ఆవిడ పైకి లెక్కపెట్టింది. తిరిగి బిగించేటప్పుడు పళ్లెంలోంచి తీసుకునే ప్రతిదానికీ ఆవిడ అడిగింది, ఆయన చెప్పాడు.

"దవడ బోల్టులు?"

"నాలుగు."

"చేత్తో ముట్టుకుని చెప్పండి."

ఆయన కారు చుట్టూ తిరిగి, నాలుగింటినీ ముట్టుకుని వచ్చాడు. "నాలుగు."

"కుర్చీ బోల్టు?"

"ఒకటి."

"పెన్సిలు?"

"రెండు ముక్కలు."

"అది నాకివ్వండి అల్లుడుగారూ" అంది అత్తగారు. ఆవిడ ఇంకా ఏ కుర్చీనీ నమ్మక, స్తంభానికి ఆనుకుని నిలబడే ఉంది. "మీ మామగారి బస్సు ఫోటో పక్కన పెడతాను."

ఐదింటికి చక్రాలు ఎక్కాయి. మెకానిక్ చూసేదాకా కారు గేటు దాటడానికి వీల్లేదని సిస్టరమ్మ తీర్పు చెప్పింది. అయితే గేటు దాకా రావొచ్చంది. వాకిలి నుంచి గేటుకి ఎనిమిది అడుగులు. ఆవిడ వచ్చి పక్కసీట్లో కూర్చుని, ఆ ఎనిమిది అడుగుల ప్రయాణానికీ సీటు బెల్టు పెట్టుకుంది. తాళం తీసి ఆయన చేతికిచ్చింది.

ఆయన బండిని నడక కంటే నెమ్మదిగా కదిపాడు. గేటు తెరుచుకుంది. అమ్మాయి నిలబడి ఉంది, ఒక చేతిలో కాగితం, ఇంకో చెయ్యి పరీక్షాధికారిలాగ పైకెత్తి. "ఆపండి!" అంది. ఆయన బ్రేకు తొక్కాడు. కారు చప్పుడు లేకుండా, ఆపమన్నచోట ఆగింది.

"మీరూ పాసే నాన్నా" అంది అమ్మాయి. అప్పుడు గానీ ఆ కాగితం లైసెన్సు తాలూకుదని వాళ్లకి అర్థం కాలేదు.

సిస్టరమ్మ జేబులోంచి జాబితా తీసింది. ఆయన ముప్పయ్యొకటో వరస మీది అందమైన టిక్కుని అడ్డంగా కొట్టేసి, పక్కన ఇంకోటి పెట్టాడు. ఈ టిక్కు వంకరగా వచ్చింది. ఆవిడ పెన్ను తీసుకుని, ఆయన సంతకం కింద తన సంతకం చేసింది.

"నువ్వెందుకు?"

"మా దగ్గర లెక్కకి రెండు సంతకాలండీ."

సోమవారం పొద్దున్న ఏడున్నరకి లిఫ్టాయన ఆఫీసు వరండాలో నిలబడి ఆస్పత్రికి ఫోను చేశాడు. పొద్దున్నే మెకానిక్ ఇంటికొచ్చి కారు చూసి, ఏమీ అనకుండా తల ఊపాడని చెప్పడానికి అన్నాడు. అది చెప్పేశాక కూడా ఫోను పెట్టలేదు. సిస్టరమ్మ అవతల ఎదురుచూస్తోంది.

"ఇవాళ పైకి... లిఫ్టులో వెళ్లావా, మెట్లెక్కావా?"

ఆయన ఫోనుని రెండో చెవికి మార్చుకున్నాడు.

"లిఫ్టులోనే" అంది ఆవిడ. "కాకపోతే ఎక్కే ముందు తలుపు నట్లు లెక్కపెట్టుకున్నాను."